నీళ్ల డబ్బాల వరస

విమానం దిగేసరికి మధ్యాహ్నం. ఎర్ర దుమ్ము, ఉక్కపోత. ఆఫ్రికాలో శాంతి దళం డ్యూటీ. తలకు నీలం హెల్మెట్, ఒంటికి బరువైన జాకెట్. ఊళ్లు తగలబడి పారిపోయి వచ్చిన వాళ్ల శిబిరానికి మేం కాపలా. గేటు పక్కన ఇసుక బస్తాల పోస్టు నాది. ఎదురుగా నీళ్ల ట్యాంకర్ ఆగే చోటు, దాని వెనక గుట్ట.

ఆడవాళ్లు తెల్లవారకముందే పసుపు డబ్బాలు వరసగా పెట్టి వెళ్లిపోయేవారు. ట్యాంకర్ పైపు విప్పాకే మనుషులు వచ్చేవారు. మా ఊరు పాల్మాకులలో బిందెలు పెట్టినట్టే. మొదటి రోజు చూసి నవ్వుకున్నాను.

ఒక పొద్దున ట్యాంకర్ వచ్చి ఆగింది. డ్రైవర్ పైపు సరిచేస్తున్నాడు. మా రేడియో ఆపరేటర్‌ది మహబూబ్‌నగర్. సెట్‌లో అతని గొంతు వినిపించింది.

"అన్నా, గుట్ట మీద తుపాకులోళ్లున్నరు. ఏం చేస్తలేరు. ఊకె చూస్తున్నరు."

పై అధికారులకు కబురు పంపాం. కనిపెట్టి ఉండమన్నారు. ఆడవాళ్లు వచ్చి ఎవరి డబ్బా దగ్గర వాళ్లు నిలబడ్డారు. అప్పుడు గుట్ట మీది వాళ్లు కాల్చారు. కొందరు డబ్బాల పక్కనే పడిపోయారు. మేం తిరిగి కాల్చేసరికి గుట్ట ఖాళీ.

ట్యాంకర్ పైభాగానికి కూడా చిల్లులు పడ్డాయి. అందుకని సైన్యం బండి అనుకుని పొరపాటున కాల్చారని రిపోర్టు రాశారు. నన్నెవరూ అడగలేదు. నాకు కోపం కూడా రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

డ్యూటీ ముగిసి శంషాబాద్‌లో దిగాను. ఆ ఉద్యోగం వదిలాక, ఇప్పుడు అదే విమానాశ్రయం పార్కింగ్‌లో సెక్యూరిటీ పని. ఈ మధ్య రాజేంద్రనగర్ నుంచి లా పాఠాలు చెప్పే మేడమ్ ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కోస్తా వైపు మనిషి. యుద్ధంలో మామూలు జనాన్ని చంపడం మీద పరిశోధన చేస్తోంది. పొరపాటున తగిలితే ఒక లెక్కట. జనమని తెలిసీ గురిపెడితే యుద్ధ నేరమట. ఆ పొద్దున కాల్పుల సంగతి చెప్పి, అది పొరపాటు కాదన్నాను.

"వాళ్లకి తెలుసని మీరెలా చెప్పగలరండీ?"

"ట్యాంకరే కావాలంటే అది రాంగనే కొడుదురు మేడమ్. డబ్బాలే ఉన్నంతసేపు ఆగిన్రు. మనుషులొచ్చి నిలబడ్డంక కొట్టిన్రు."

ఆమె ఆ మాట రాసుకుంది. తనది కేసు కాదని, ఎవరికో శిక్ష పడుతుందని మాటివ్వలేనని చెప్పింది.

"కానీ పొరపాటు అన్న మాట ఒక్కటే మిగిలిపోనివ్వనండీ."

సరేనన్నాను. సంతోషమేమీ కలగలేదు. తర్వాత ఏం జరిగిందని అడిగింది. చెప్పాను.

శవాలను తీసుకెళ్లాక మిగిలిన ఆడవాళ్లు మళ్లీ వరసలోకి వచ్చారు. ట్యాంకర్ అడుగున నీళ్లున్నాయి. ముందున్న డబ్బాలను ఎవరూ పక్కకు జరపలేదు. చనిపోయిన వాళ్లవి కూడా వంతు ప్రకారం నింపి, మూత బిగించి, ఎక్కడివక్కడే పెట్టారు. సాయంత్రం నేను పోస్టు దిగేదాకా ఆ నిండు డబ్బాలు అక్కడే ఉన్నాయి.