కామేశ్వరమ్మ ఎదురుపాట

గుడివాడలో పెళ్ళి కుదిరితే ముహూర్తం తరవాత ఖాయం చేసుకునేది కామేశ్వరమ్మ రాకనే. మగపెళ్ళివారు బంతికి కూచున్నప్పుడు వాళ్ళను ఆటపట్టిస్తూ పాడే పాటల్లో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అవతలి పక్షం ఒక చరణం విసిరితే, అది ముగిసీ ముగియకముందే ఈమె ఎదురుచరణం అందుకునేది. పెళ్ళికొడుకు మేనమామ బట్టతల నుంచి వియ్యపురాలి వడ్డాణం దాకా ఆమె నోట పడనిదంటూ ఉండేది కాదు. తిట్లు తిన్నవాళ్ళే ఆమెను తమ ఇంటి పెళ్ళికి పిలుచుకునేవారు.

అలాంటి మనిషి 1937 వేసవిలో మందగించింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడేది. ఏదో తేవాలని లేచి గడప దగ్గర నిలబడిపోయేది. రోహిణీకార్తె ఎండల్లో దుప్పటి కప్పుకునేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఇంట్లోవాళ్ళు సరస్వతి ఆకు రసం పోశారు, మెళ్ళో తాయెత్తు కట్టారు. పలకరింపుకు జవాబు ఆలస్యమైతే వీధిలోవాళ్ళు పొగరన్నారు. ఆ తరవాత పెదపారుపూడిలో ఒక పెళ్ళికి వెళితే, అవతలివాళ్ళ చరణానికి జవాబు తోచక నోరు తెరిచి అలాగే కూచుంది. ఆ జవాబు మర్నాడు తిరిగివస్తుంటే బండిలో తోచింది.

ఇంతలో చెల్లెలి కూతురు అనసూయకు బందరు సంబంధం కుదిరింది. పెళ్ళి మరుసటి ఏడు జ్యేష్ఠంలో, గుడివాడలోనే. మగపెళ్ళివారి తరఫున పాడేది బందరు నాగేంద్రమ్మ. కామేశ్వరమ్మకు సమఉజ్జీ అంటూ ఉంటే ఆమె ఒక్కతే.

"నాగేంద్రమ్మ పాడుతుంటే నేను నోరు మూసుకుని కూచోలేను. ఎవరైనా పెద్ద డాక్టరుకు చూపించండి. లేకపోతే ఆ పెళ్ళికి నేను రాను" అంది భర్తతో.

భర్త జనార్దనరావు మునసబు కోర్టులో గుమాస్తా. మాఘమాసంలో ఆమెను రైల్లో బందరు తీసుకువెళ్ళాడు. మెదడు, నరాల జబ్బుల గురించి మద్రాసులో ప్రత్యేకంగా చదివివచ్చిన పూర్ణచంద్రరావు అనే డాక్టరు అక్కడ ఉన్నాడు.

"ఏమిటమ్మా మీ బాధ?"

"మతిమరుపండి" అన్నాడు జనార్దనరావు. "నిద్ర కూడా ఎక్కువేనండి. పిలిస్తే చప్పున పలకదండి. జ్యేష్ఠంలో పెళ్ళికి పాడాలంటుందండి."

"జబ్బు ఎవరికండీ?"

"ఆవిడకేనండి."

"అయితే మీరు కాసేపు ఆ కిటికీలోంచి వీధి చూస్తూ ఉండండి." డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "జ్ఞాపకం ఎలా ఉందో చూస్తానమ్మా. మీవారి పేరు అడగనులెండి, బుర్ర బాగున్నవాళ్ళు కూడా చెప్పరు. మీ ఆడపడుచు పేరేమిటి?"

"మంగతాయారండి" అంది ఆమె, కొంచెం ఆగి.

"మరి మరిచిపోలేదుగా. తేడా ఎక్కడుంది?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. కిటికీ దగ్గర జనార్దనరావుకు నోరు దురద పెట్టింది కాని డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మరిచిపోవడం కాదండీ. అన్నీ ఉన్నాయి. పిలిస్తే రావు. చలికాలం పొద్దున కాలవ మీద మంచు కమ్ముకుంటుందే, అవతలి గట్టు మీద మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. పోల్చుకునేసరికి వెళ్ళిపోతాడు. నా మాటలన్నీ అవతలి గట్టునే ఉన్నాయండి. ఉప్పు వేశానని నా చేతికి తెలుస్తుంది, నాకు తెలియదు."

డాక్టరు ఆమెను కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి నిలబడమని, మడమ పైన చిన్న సుత్తితో తట్టాడు. పాదం కదిలింది. మళ్ళీ యథాస్థానానికి మాత్రం తీరిగ్గా, బద్ధకంగా వచ్చింది.

"చూశారా, మీ పాదానికి కూడా తొందర లేదు" అని నవ్వాడు. "మీ మతికేమీ కాలేదమ్మా. కంఠంలో ఒక గ్రంథి ఉంటుంది, ఒంటికి అది పొయ్యి లాంటిది. దాని మంట సన్నగిల్లింది. అందుకే చలి, అందుకే బొంగురు, అందుకే మాట ఆలస్యం. మాత్రలిస్తాను. పెళ్ళినాటికి పాడతారు."

జనార్దనరావు కిటికీ వదిలి వచ్చాడు. "ఏ మూలికతో చేస్తారండీ?"

"మూలిక కాదండీ. గొర్రె కంఠంలో గ్రంథి ఎండబెట్టి చేస్తారు."

జనార్దనరావు ఇంకో మాట వినలేదు. ఉత్తరీయం దులుపుకుని భార్యను బయటికి నడిపించి జట్కా ఎక్కించాడు. బండి స్టేషను దారిలో సగం దూరం వెళ్ళింది.

"బండి ఆపమనండి" అంది కామేశ్వరమ్మ.

"ఎందుకే?"

"డాక్టరుగారికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు తోచింది."

"ఏమని?"

"సరేనని."

"గొర్రేనే! మన ఇంటా వంటా ఉందా?"

ఆమె కాస్త ఆలోచించింది. "వంటలో వెయ్యనులెండి. మింగుతాను."

జట్కావాడు బండి వెనక్కి తిప్పాడు.

మందు సంగతి ఎవరికీ చెప్పకూడదని జనార్దనరావు ఒట్టు వేయించుకున్నాడు. ఉగాదికి ఆమె దుప్పటి మడిచి పెట్టెలో పెట్టింది. ఆ తరవాత ఒకరోజు పాలలో నీళ్ళ గురించి పాలమనిషిని ఊపిరి తిప్పుకోనీయకుండా దులిపేసింది. అది విని ఇల్లంతా పండగ చేసుకుంది.

పెళ్ళిలో మగపెళ్ళివారి ఆడవాళ్ళు బంతికి కూచున్నారు. నాగేంద్రమ్మ విస్తరి ముందునుంచే గొంతెత్తింది. డాక్టరుగారి కాంపౌండరు ఆమె పక్కింటివాడని ఇటువైపు ఎవరికీ తెలియదు.

"గుడివాడ వదినమ్మ గొర్రెమందు మింగెనట,
పాడబోతే మే మే అని పందిరదిరెనట!"

ఆడపెళ్ళివారు కొయ్యబారిపోయారు. జనార్దనరావు భయంగా పురోహితుడి వంక చూశాడు. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఈలోగా కామేశ్వరమ్మ అందుకుంది, చివరి మాట ఇంకా గాలిలో ఉండగానే.

"గొర్రెమందు మింగినమ్మ గొంతు విప్పెనే,
ఏ మందూ మింగనివారు మేత మేసిరే,
మా బూరెబుట్ట ఖాళీ చేసి నెమరువేసిరే!"

పందిరి నిజంగానే అదిరింది. బూరె కొరకబోతున్న నాగేంద్రమ్మకు నవ్వుతో పొలమారింది. పక్కనున్నవాళ్ళు నెత్తిమీద తట్టారు.

"ఆ చరణం మళ్ళీ ఒకసారి అను వదినా, నేర్చుకుంటాను" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు నోట్లోది మింగండి వదినగారూ, పాట ఎక్కడికీ పోదు."

నెయ్యి వడ్డించేవాడు గిన్నె పట్టుకుని అలాగే నిలబడి వింటున్నాడు. కామేశ్వరమ్మ అప్పుడే రెండో చరణం ఎత్తుకుంది.