రెండో అంతస్తులో దిగిన దయ్యం

శవం ఉన్న ఇంట్లోకి దయ్యం వేషంలో గంతేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదువుతున్నది అతని రాతే. ఆ ఘనకార్యం నాచారంలో, పట్టపగలు జరిగింది.

మా అక్క కూతురు మిన్నీకి ఓ జపాన్ కార్టూన్ అంటే ప్రాణం. అందులో హీరోయిన్ వెంట ఒక తెల్లటి దయ్యం తిరుగుతుంటుంది. లోకంలోని భూతాలన్నింటినీ తరిమేస్తానని కోతలు కోస్తుంది. బల్లి కనబడితే అందరికన్నా ముందు తనే కెవ్వుమంటుంది. మిన్నీ పుట్టినరోజుకు ఆ దయ్యంగా వస్తానని మాటిచ్చాను. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు గానీ ఉత్సాహానికి లోటు లేదు.

ఉప్పల్‌లోని మా ఇంట్లో పాత దుప్పటి కత్తిరించి, తల భాగంలో దూది కుక్కి, కళ్లకు రెండు బొక్కలు పెట్టాను. అక్కవాళ్ల అపార్ట్‌మెంట్ కింద తొడుక్కోగానే ఒక బొక్క ముక్కు మీదికి, ఇంకొకటి చెవి దగ్గరికి జారాయి. లిఫ్టులో మూడు అనుకుని రెండు నొక్కాను. తలుపు తెరిచే ఉంది. గుమ్మం ముందు కుప్పలుగా చెప్పులు. పార్టీ జోరుగా ఉందనుకున్నాను.

ఒక్క గంతు వేసి కీచుగొంతుతో అరిచాను: "నేనొచ్చేశానోచ్! ఇక ఎవ్వరూ భయపడొద్దు!"

చప్పట్లు లేవు. అగరొత్తుల వాసన. దుప్పటి సర్దుకుని చూస్తే హాల్లో చాప మీద ఓ పెద్దాయన, తల దగ్గర దీపం. నా దుప్పటికన్నా ఆయన దుప్పటే శుభ్రంగా ఉంది.

"ఎవడ్రా నువ్వు?" అంటూ ఆయన కొడుకు నా కాలర్ కోసం వెతికాడు. దుప్పటికి కాలరెక్కడిది? పిడికెడు దూది చేతికొచ్చింది.

"అన్నా, బర్త్‌డే... మూడో అంతస్తు..."

"ఆగు బిడ్డా, వాన్ని ఇడువు," అంది శవం పక్కన కూర్చున్న ముసలామె. ఆయన భార్య. పొద్దుటి నుంచి ఆమె ఏడవలేదని, నోరు విప్పలేదని తర్వాత తెలిసింది. నా వైపు చూసి అడిగింది: "వచ్చినవా? పొద్దుగాల చాయ్‌ల చక్కెర అడిగితే షుగరున్నదని కసిరితి. అలిగి పోయినవా?"

ఏదో ఒకటి చెప్పమని కొడుకు కళ్లతోనే బతిమాలాడు. అన్ని ఇంటర్వ్యూలకు వెళ్లాను గానీ, ఇంత కఠినమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"అలగలే," అన్నాను. నా కీచుగొంతు ఎటుపోయిందో. "నా మంచికే కసిరినవ్. నాకేం కోపం లేదు."

"చాయ్ తాగకుంటనే పోతివి గదయ్యా!"

"ఫికర్ జెయ్యకు. ఇప్పుడు ఆకలైతలేదు, దూపైతలేదు."

ఆమె భోరుమంది. గదంతా ఏడ్చింది. దుప్పటి లోపల నేనూ ఏడ్చాను.

కొడుకు నన్ను గుమ్మం దాకా తెచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకు సూపు సరిగ లేదన్నా. నువ్వు మా నాయినవే అనుకున్నది."

లోపల్నుంచి ముసలామె గొంతు వినిపించింది. "నా సూపు మంచిగనే ఉన్నది. మీ నాయిన ఎన్నడన్న గంత మర్యాదగ మాట్లాడిండా?"

నేను పైకి పరుగెత్తాను. అక్క తలుపు సగమే తెరిచింది. "కింద పెద్దాయన పోయిండు, కేకు కోసుడు లేదని పొద్దటి సంది ఫోన్ జేస్తున్న, ఎత్తవేందిరా! నీ అరుపు పైదాక ఇనబడ్డది. శవం కాడికెళ్లి స్నానం జెయ్యకుంట లోపలికెట్ల వస్తవ్‌రా?" అని గుమ్మంలోనే బకెట్ నీళ్లు కుమ్మరించింది.

అలా నిలువునా తడిసి, చలికి వణుకుతూ, తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను: అంతస్తు చూసుకోకుండా ఏ గడపా తొక్కను. ఇంకొకరి మొగుడి తరఫున ఏ ఇల్లాలికీ సంజాయిషీ ఇవ్వను. ఆ మొగుడు బతికున్నా సరే, పోయినా సరే.