రొట్టెల అత్తయ్య వెతుకులాట

జ్వరం తగ్గింది గానీ, వీధంతా రొట్టెల అత్తయ్య అని పిలిచే ఆ బేకరీ ఆవిడకి ముక్కు పనిచేయడం మానేసింది. ఇన్నేళ్లూ వాసన పట్టి రొట్టె కాలిందో లేదో చెప్పిన మనిషి ఇప్పుడు వాయి వెంట వాయి మాడ్చేస్తోంది. ఆ కోపమంతా ఇంట్లోవాళ్ల మీద చూపిస్తోంది.

లైబ్రరీలో పనిచేసే కోడలు ఒకరోజు తమ లైబ్రరీ వెబ్‌సైట్ తెరిచి ఫోను చేతికిచ్చింది. అత్తయ్య తన గోడునంతా ఒక్క వాక్యంగా టైపు చేసింది. ఒక్క పుస్తకమూ రాలేదు. "వాసన" అని ఒక్క మాటే కొడితే ముక్కు వైద్యం పుస్తకాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి.

"ఈ వయసులో నాతో డాక్టరు చదువు చదివిస్తావా ఏంటి?" అని విసుక్కుంది.

"రోగం వైపు వద్దత్తయ్యా, రొట్టె వైపు వెతుకుదాం" అంది కోడలు. రొట్టెల తయారీ పుస్తకం ఒకటి తెరిచి, పేరు కింద ఉన్న వర్గీకరణ నంబరు నొక్కమంది. నొక్కగానే, అదే విషయం మీద అరలో పక్కపక్కనే ఉండే పుస్తకాలన్నీ తెర మీద వరస కట్టాయి. వాటిలో చూపు లేని ఒకాయన రాసిన బేకరీ పుస్తకం ఉంది. బాగా కాలిన రొట్టె అడుగున తడితే డొల్లగా మోగుతుందని రాశాడాయన. అత్తయ్య ఎప్పుడో విన్న సంగతే. ముక్కుండగా చెవితో పనేముందని అప్పట్లో కొట్టిపారేసింది.

ఇప్పుడు రొట్టెలు మాడటం లేదు. "నంబరు నొక్కింది నేనే కదా" అని బడాయి పోతూనే ఉంటుంది. కానీ రోజూ మొదటి వాయి దించగానే ఒక్కో రొట్టెనీ తట్టి చూసి, అన్నిటికన్నా బాగా మోగినదాన్ని కోడలి టిఫిన్ డబ్బాలో పెట్టి మూత పెట్టేస్తుంది.