స్పెక్ ఫైళ్ళనే అడిగిన రోజు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వన్ టౌన్‌లో, సైకిల్ సామాన్ల కొట్టు మీద ఉన్న చిన్న ఆఫీసులో చేరాను. లినక్స్ ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, సీడీలో పెట్టి, చుట్టుపక్కల కాలేజీలకు ఇవ్వడం మా పని. ఒక్కో ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలును స్పెక్ ఫైలు అనేవాళ్ళం. సీడీలో ఏమేం ఉన్నాయో ఆ ఫైళ్ళు చూసి కాగితం మీద రాయడం నా వంతు.

ఒకరోజు బందరు కాలేజీ నుంచి లెక్చరర్ మేడం ఫోన్ చేశారు.

"మీ లిస్టులో ఒక వెర్షన్ ఉంది, సీడీలో ఇంకోటి ఉందమ్మా. లిస్టులో లేనివేమో సీడీలో కనిపిస్తున్నాయి. పిల్లలకు ఏది చెప్పమంటారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు కూర్చుని రాసిన లిస్టు అది.

మా సార్ కోప్పడలేదు. "మళ్ళీ రాయండి. ఈసారి జాగ్రత్తగా," అన్నారంతే.

జాగ్రత్త తక్కువై వచ్చిన తప్పు కాదని మళ్ళీ చూస్తే తెలిసింది. ఫైల్లో వెర్షన్ ఒకచోట రాసి, మిగతా చోట్ల దాని బదులు గుర్తులు పెట్టేవాళ్ళు. ఒకే ఫైలు నుంచి రెండు మూడు ప్యాకేజీలు వచ్చేవి. కళ్ళతో చదివి రాస్తే మళ్ళీ తప్పే వస్తుంది.

"ఫైలునే అడిగే దారి ఉండాలి సార్. సాయంత్రం దాకా టైమివ్వండి," అన్నాను.

"దొరక్కపోతే?"

"చేత్తోనే రాస్తాను. ఆదివారం చర్చి అయ్యాక కూడా వస్తాను."

ఆయన తలూపారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ప్యాకేజీలు కట్టే ప్రోగ్రాము మాన్యువల్ పేజీలు మొదటి నుంచి చదివాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యాహ్నం కరెంటు పోతే, ప్రింటు తీసుకున్న పేజీలు కిటికీ దగ్గర పెట్టుకుని చదివాను. అక్కడ దొరికింది: ప్యాకేజీ కట్టకుండానే స్పెక్ ఫైలును ప్రశ్న అడిగే ఆప్షన్. కరెంటు రాగానే ఒక ఫైలు మీద కొట్టి చూశాను. గుర్తుల బదులు అసలు అంకెలు వచ్చి, మూడు ప్యాకేజీల పేర్లు వెర్షన్లతో సహా స్క్రీన్ మీదికొచ్చాయి. చేతిరాత లిస్టులో ఆ ఫైలుకు ఒక్క పేరే రాశాను.

తర్వాత ఫోల్డరులోని ఫైళ్ళన్నింటినీ ఒకే కమాండుతో అడిగాను. ఒక ఫైలు దగ్గర ఎర్రర్ వచ్చింది. సీడీ చేశాక ఎవరో పొరపాటున అందులో వెర్షన్ లైను చెరిపేశారు. సార్‌కి చూపిస్తే ఆయనే కూర్చుని సరిచేశారు. నాలుగున్నరకల్లా లిస్టు ప్రింటయింది.

"బందరుకి మీరే తీసుకెళ్ళండి," అన్నారు సార్.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. మేడం కళ్ళజోడు పెట్టుకుని, లిస్టు ఒక చేత్తో పట్టుకుని, సీడీలో ఉన్నవాటితో ఒక్కొక్కటీ సరిచూశారు. నేను నిలబడే ఉన్నాను. చివరి పేరు కింద టిక్కు పెట్టి తలెత్తారు.

"ఇంత పెద్ద లిస్టు ఎవరు రాశారమ్మా?"

"రాయలేదండీ, ఫైళ్ళనే అడిగాను."

అదెలాగో చూపించమన్నారు. ల్యాబులో నలుగురైదుగురు అమ్మాయిలు చుట్టూ మూగారు. కమాండు బోర్డు మీద పూర్తిగా రాసి, వాళ్ళలో ఒకమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఇప్పుడు నువ్వు అడుగు," అన్నాను.