మా మేనత్త వదిలేసిన పొగడ్తలు

మొన్న రాజమండ్రి మెయిన్‌రోడ్డులో ఎవరో వట్టివేళ్ల అత్తరు రాసుకుని పక్కనుంచి వెళ్లారు. ఆ వాసనకి నా తొమ్మిదో ఏట మొదలైన ఆదివారాలన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి.

మా మేనత్త సామర్లకోటలో తెలుగు టీచరు. యాభై దాటాక, వందల ఏళ్ల కిందటి ఒక పారశీక ఆస్థాన కవిని తెలుగులోకి తేవాలని పట్టుబట్టి, ఇంగ్లీషు అనువాదాన్ని నమ్ముకోనంటూ ఏకంగా ఆ భాషే నేర్చుకోవడం మొదలుపెట్టింది. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ మడ్డి వాసన, వానాకాలంలో జల్లుకి తడిసిన ప్యాసింజరు బల్లలు, ఎండాకాలంలో తాటాకు దొన్నెలో ముంజలు, ఇవన్నీ దాటుకుంటూ ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రిలో, పారశీకం కూడా తెలిసిన ఉర్దూ మాస్టారింటికి వెళ్లేది. అత్తరు రాసుకుని అరుగు మీద కూర్చునే ఆ పెద్దాయన నాచేత కుడి నుంచి ఎడమకి అక్షరాలు దిద్దించేవారు. రంజాన్ పండగ వెళ్లిన ఆదివారం గిన్నెనిండా సేమ్యా పాయసం పెట్టించేవారు.

కవి కథ చెప్పింది కూడా ఆయనే. కొలువులో సుల్తానుని పొగిడి కానుకలందుకున్నవాడు, ఎవరి చాడీలకో బలై కొండకోటలో ఏళ్లతరబడి ఖైదులో మగ్గుతూ ఈ పద్యాలు రాశాడట.

ఐదేళ్లకి అనువాదం పూర్తయింది. అత్తయ్య చదువుతుంటే మాస్టారు కళ్లు మూసుకుని ఆసాంతం విన్నారు.

"బాగుందమ్మా. మరి సుల్తాను మీద పొగడ్తలేవండి?"

"వదిలేశానండి. అంత కవి కాళ్లబేరానికి రావడం నాకు నచ్చలేదు."

"విడిపించమని అడుగుతున్నాడమ్మా. పొగడకుండా ఎలా అడుగుతాడు? మీరాయన అర్జీ చింపేశారు."

తిరుగు రైలు ద్వారపూడి దాటుతుంటే అత్తయ్య, "మళ్లీ మొదట్నుంచీ రాస్తానే," అంది.

మర్నాడు కొత్త నోటుబుక్కు తీస్తే, "ఈ వయసులో ఎందుకే?" అన్నాడు మావయ్య.

"ఆయన చీకటికొట్లో రాశాడండీ. నాకు లైటుంది."

మరో మూడేళ్లు పట్టింది. అప్పటికి మాస్టారికి చూపు పోయింది. పొగడ్తలన్నీ వింటూ, ఒక్కచోట చెయ్యెత్తి ఆపారు. "ఇక్కడ 'కరుణ' కాదమ్మా, 'విడుదల' అనండి." అత్తయ్య దిద్దింది.

ఇప్పుడు అత్తయ్యా లేదు, మాస్టారూ లేరు. ఆ అరుగున్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. ఆ వీధిలో పారశీకం చదివేవాళ్లెవరూ మిగల్లేదు. నేను చదవగలను. ఆ నోటుబుక్కుల్ని మూలంతో పోల్చుకుంటూ టైపు చేస్తున్నాను. పొగడ్తలు చాలా పొడుగ్గా ఉన్నాయి. ఒక్క పంక్తి కూడా వదలడంలేదు.