ఉప్పత్త చప్పటి కూర

మిల్లు క్యాంటీన్‌లో వండే ఆవిడను, కూరలో ఉప్పు చేతినిండా వేస్తుందని, అందరూ ఉప్పత్త అనేవారు. ఆ పిలుపుకు ఆవిడ మురిసిపోయేది. మిల్లు పక్క కాలనీలో ఉన్నవాళ్ళంతా కొండ దిగి వచ్చిన ఆదివాసులే, కాబట్టి ఆ పేరులో వెక్కిరింత ఎవరికీ వినిపించదు. వాళ్ళ తాతలు ఉప్పు కోసం అడవులు దాటి నడిచి, మూట భుజాన వేసుకుని మళ్ళీ కొండెక్కేవారు. అంత కష్టపడి తెచ్చినదాన్ని ఎవరి కంచంలో ఎంత ధారాళంగా వేస్తే వాళ్ళంటే అంత ప్రేమ. ఇప్పుడు కొట్టు గుమ్మంలోనే బస్తాలున్నాయి. నడక పోయింది, ప్రేమను కొలిచే పద్ధతి మాత్రం పోలేదు.

ఉడికే గిన్నెల ఆవిరిలో ఆవిడకు పాత కొండ కనిపించేది. మంచులోంచి నాన్న మూటతో దిగివస్తుంటాడు, అన్న ఎదురు పరిగెడతాడు. ఎంత పిలిచినా ఇద్దరూ వినరు. ఆవిరి పలచబడేసరికి మసిగోడ, పొయ్యి, తను. ఆ అన్న పోయిన వానాకాలం మరమగ్గం దగ్గరే గుండె ఆగి కూలిపోయాడు.

ఇప్పుడు తమ్ముడికి కళ్ళు తిరుగుతున్నాయి. ఆసుపత్రిలో నర్సమ్మ బీపీ చూసి మొహమాటం లేకుండా చెప్పింది. "మందులు మానకూడదు, బీడీ మానాలి, రోజూ నడవాలి. కూరలో ఉప్పు సగం తగ్గించమ్మా. లేదంటే గుండె మీదికొస్తుంది."

ఉప్పత్తకు అది తమ్ముణ్ణి గడప బయటికి గెంటమన్నట్టే ఉంది. మర్నాడు వండుతుంటే చేయి దానంతటదే ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది. బలవంతాన వెనక్కి తీసుకుంది.

నర్సమ్మ మాట తమ్ముడూ విన్నాడు. అయినా మొదటి ముద్దకే ఆగిపోయాడు.

"అక్కా, నామీద కోపమా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టి వాడి ఎదురుగా కూర్చుంది. "కోపం ఎందుకురా? అన్నకి చివరిరోజు దాకా చేతినిండా వేశాను. బాగుందమ్మా అంటే ఇంకాస్త వేశాను. నిన్ను కూడా అలాగే ముద్దుచేసి పంపించేసి, నేనెవరికి వండను?"

తమ్ముడు చప్పటి కూర కలుపుకుని మెల్లగా తినడం మొదలుపెట్టాడు. సగంలో లేచి, ఇంకో కంచం తెచ్చి, అదే కూర వడ్డించి అక్క ముందు పెట్టాడు.

"నీ బీపీ ఎవరు చూశారక్కా? తిను. సాయంత్రం నర్సమ్మ దగ్గరికి ఇద్దరం నడిచే వెళ్దాం."