నర్సింహ బాబాయి కూర్చున్న వరుస

ఉప్పల్‌లో మెట్రో దిగి బయటికి రాగానే, బండి మీద కాలుతున్న మొక్కజొన్న కంకుల వాసనకు నర్సింహ బాబాయి గుర్తొస్తారు. సాయంత్రాలు తనకొకటి, నాకొకటి కొనుక్కొచ్చేవారు. ఉప్పల్ పాత ఊళ్లో ఆయన ఇంటి మేడ మీది గదిలో నేను అద్దెకుండేదాన్ని. గుంటూరు నుంచి వచ్చి నాచారంలో ఓ ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. ఆయనది తరతరాలుగా అదే ఊరు. పొలాలన్నీ ప్లాట్లయ్యాక రోడ్డు మీద ఇనుప సామాను కొట్టు పెట్టుకున్నారు. నన్ను బిడ్డా అనేవారు.

రాష్ట్రం వేరు కావాలా, కలిసే ఉండాలా అని విచారించడానికి కేంద్రం ఢిల్లీ నుంచి ఓ కమిటీని పంపిన రోజులవి. ఆయన కావాలనేవారు, నేను వద్దనేదాన్ని. నిజానికి నాది రాజకీయం కాదు, వట్టి భయం. వేరుపడితే ఈ ఊళ్లో నన్ను ఉండనిస్తారా అని. ఓ రోజు ఆ మాటే అన్నాను.

"గిది నాకెందుకు జెప్తవ్? కమిటీకే జెప్పు, నడువ్," అని స్కూటరెక్కించుకుని పోయారు.

కమిటీ కూర్చున్న హాల్లో రాష్ట్ర ప్రభుత్వ అధికారులు కుర్చీలు వేయించి, అందరికీ చాయ్ అందిస్తూ తిరుగుతున్నారు. "సూడు బిడ్డా, ఇల్లు పంచాల్నా వద్దా అని ఢిల్లీవోళ్లు అడుగుతున్రు. ఇంటాయనేమో చాయ్ పోస్తున్నడు," అని బాబాయి పకపకా నవ్వారు.

వేరు కావాలనేవాళ్లు ఎడమవైపు, వద్దనేవాళ్లు కుడివైపు కూర్చోవాలట. ఆయన నాతోపాటు వచ్చి కుడివైపే కూర్చున్నారు. తన వంతు రాగానే లేచి, "తెలంగాణ రావాలె," అన్నారు. మా వరుసంతా భగ్గుమంది. ఓ అధికారి పరుగున వచ్చి, అటువైపు వెళ్లమన్నాడు.

"ఈ పిల్లను నేను తోల్కొచ్చిన సార్. ఒక్కదాన్ని ఇడిసిపెట్టి యాడికి వోవాలె?"

తర్వాత నా వంతు. "వేరుపడితే మాలాంటివాళ్లు ఎక్కడికి పోవాలండీ?" అని మాత్రం అడగగలిగాను. కమిటీ పెద్దలు రాసుకున్నారు. జవాబు చెప్పడం వాళ్ల పని కాదు. బాబాయే చెప్పారు, కూర్చున్నచోటి నుంచే, హాలంతా వినబడేలా.

"యాడికి వోతవ్? నా ఇంట్ల ఉంటవ్."

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా టపాకాయలు మోగుతుంటే, ఆయన ముందుగా మేడెక్కి నా గదికి వచ్చారు.

"భయమైతుందా బిడ్డా?"

"లేదు బాబాయిగారూ."

"గట్లైతే కిందికి రా. నీ చేత్తోని గూడ ఒకటి ముట్టియ్యి."

వెళ్లి ముట్టించాను.

బాబాయి ఇప్పుడు లేరు. మా ఇద్దరిలో నెగ్గింది ఆయన మాటే. కానీ ఓడిపోయానని నాకు ఏనాడూ అనిపించనివ్వలేదు. అలా నెగ్గడం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. మీదే ఊరని కొత్తవాళ్లెవరైనా అడిగితే, ఆలోచించకుండా ఉప్పల్ అంటాను.